ఊరిని పక్కకి జరిపి కట్టిన ఇల్లు: కెడిల్‌స్టన్ హాల్

"మావయ్యగారూ, మీకు బిల్డింగులంటే ఇష్టం కదా, దగ్గర్లోనే పెద్ద జమీందారీ బంగళా ఉంది, వెళ్దామా" అని మా కోడలు అడగడం ఇది మూడోసారి. ఇంగ్లండులో డెర్బీలో ఉన్న మా అబ్బాయి వాళ్లింటికి మొదటిసారి వెళ్లినప్పుడు డిసెంబరు. నేనొక్కణ్ణే క్యాబ్ మాట్లాడుకుని వెళ్తే పార్కు తెరిచి ఉంది, ఇల్లు మూసి ఉంది. ముందు చూసుకోకపోవడం నా తప్పే. రెండోసారి వాన. ఈ జూన్‌లో ఎండ కాసింది. మా ఆవిడ, అబ్బాయి, కోడలు, తొమ్మిదేళ్ల మనవడు, నేను, అయిదుగురం కారెక్కాం. డెర్బీ నుంచి వాయవ్యంగా నాలుగైదు మైళ్లు, అంతే.

నేను రోడ్లు భవనాల శాఖలో ముప్పై రెండేళ్లు చేసి రిటైరయినవాణ్ణి. ఏ కట్టడం చూసినా నాకు ముందు రెండే ప్రశ్నలు. వాన నీళ్లు ఎటు పోతాయి? వంటిల్లు ఎక్కడుంది? బొమ్మలూ బంగారు పూతలూ ఆ తర్వాత. కాబట్టి ఈ సమీక్షలో కళాభిమానం తక్కువ, మేస్త్రీ బుద్ధి ఎక్కువ కనిపిస్తే ఏమీ అనుకోకండి.

గేటు దాటాక రోడ్డు తిన్నగా ఇంటికి పోదు. పచ్చిక మైదానంలో వంకర తిరుగుతూ చెరువు మీద మూడు కమానుల వంతెన దాటిస్తుంది. అప్పుడు ఉత్తర ముఖం మొత్తం ఒక్కసారిగా కళ్లబడుతుంది. మధ్యలో ఆరు కొరింథియన్ స్తంభాల పోర్టికో, అటొకటీ ఇటొకటీ వేరే భవనాలు, వాటిని మధ్య భవనంతో కలుపుతూ విల్లులా వంగిన వసారాలు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట: "ఇదేంట్రా, కలెక్టరాఫీసులా ఉంది!" మా అబ్బాయి నవ్వి, లోపల మాత్రం ఆ మాట అనకు నాన్నా అన్నాడు.

అనాల్సిన అవసరం రాలేదు. లోపల హాల్లో నిలబడి వివరాలు చెబుతున్న ఒక వలంటీరు పెద్దాయన తనంతట తనే చెప్పాడు. 1777లో శామ్యూల్ జాన్సన్, అదే, ఇంగ్లీషు నిఘంటువు రాసిన మహానుభావుడు, ఈ ఇల్లు చూసి, టౌన్‌హాలుకైతే బ్రహ్మాండంగా సరిపోతుందన్నాడట. స్తంభాల గదిలో జడ్జీలు కూర్చోవచ్చు, గుండ్రటి గది జ్యూరీకి, పై గది ఖైదీలకి అని పంపకాలు కూడా చేసేశాడట. నేను మా అబ్బాయి వంక చూశాను. వాడు పైకప్పు వంక చూశాడు.

కట్టించినాయన నథానియల్ కర్జన్. ఈ కుటుంబం పన్నెండో శతాబ్దం నుంచీ ఇక్కడే ఉంది. 1758లో తండ్రి పోయాక ఆస్తి చేతికి రాగానే, నిక్షేపంలా ఉన్న ఎర్ర ఇటుకల ఇంటిని పడగొట్టించాడు. ఇంటి ముందున్న ఊరు చూపుకి అడ్డమని ఊరినే లేపి దూరంగా పెట్టించాడు. రోడ్డు దారి మళ్లించాడు. మా ఉద్యోగంలో ఒక చెరువుకట్ట కింద ఇరవై ఇళ్లు ఖాళీ చేయించడానికి ఎన్ని నోటీసులు, ఎన్ని స్టేలు, ఎన్ని శాపనార్థాలో! ఇక్కడ ఊరి మొత్తంలో కదలకుండా మిగిలింది చర్చి ఒక్కటే. అది ఇప్పటికీ పెద్దింటి పక్కన, పెళ్లిపందిట్లో మూలకి కూర్చోబెట్టిన పేద చుట్టంలా ఉంది. దాని సంగతి చివర్లో చెప్తాను.

పని మధ్యలో ఇంజినీరు మారితే ఏమవుతుందో శాఖలో పనిచేసినవాళ్లకి తెలుసు. ఇక్కడ ముగ్గురు మారారు. మొదట మాథ్యూ బ్రెటింగ్‌హామ్ ప్లాను వేశాడు. తర్వాత జేమ్స్ పెయిన్ వచ్చాడు, ఇప్పుడు మనకి కనబడే ఉత్తర ముఖం చాలావరకు ఆయన ఊహే. రాబర్ట్ ఆడమ్ అనే స్కాట్లండ్ కుర్రాడు రోమ్ శిథిలాలు కొలుచుకుని 1758లో ఇంగ్లండు తిరిగొచ్చి, మొదట తోటలో చిన్నాచితకా కట్టడాల పని పట్టాడు. 1760 వచ్చేసరికి మొత్తం పని అతని చేతిలో ఉంది. ముప్పై రెండేళ్ల వయసులో! ఆ ముందు ఇద్దరూ అప్పటికే పేరున్నవాళ్లు. యజమాని చెవిలో ఏం చెప్పాడోగాని, గట్టివాడు.

ఇప్పుడు మార్బుల్ హాల్. నేను ఎక్కువసేపు నిలబడింది ఇక్కడే కాబట్టి మీరూ కాసేపు నిలబడండి. ఇరవై స్తంభాలు, ఒక్కోటీ ఇరవై అయిదు అడుగులు. గులాబీ రంగు మీద చింతపండు పులుసు ఒలికినట్టు ఎర్రటి, గోధుమరంగు చారలు. పాలరాయి అనుకుంటారు, పేరు కూడా అదే పెట్టారు. కాదు, అలబాస్టర్. అంటే జిప్సమే, గట్టిపడ్డ జిప్సమ్. గోరుతో గీసినా గీత పడేంత మెత్తన, నీళ్లు తగిలితే మెల్లగా కరుగుతుంది. బయట పెట్టడానికి పనికిరాదు, లోపల పెడితే మాత్రం వెలుతురుని కొంచెం మింగి కొంచెం వదులుతుంది. దూరదేశం నుంచి తెచ్చింది కాదు, ఆ చుట్టుపక్కల ప్రాంతంలో దొరికిందే. స్తంభాలు మొదట నున్నగా నిలబెట్టి, నిలువు గాడులు తర్వాత 1770లలో అక్కడికక్కడే చెక్కించారట. ఆ మెత్తటి రాయి మీద, నిలబడ్డ స్తంభానికి, పైనుంచి కిందకి ఉలి నడిపిన పనివాళ్ల ఓపికకి దణ్ణం పెట్టాలి. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే ఇరవై అయిదడుగుల స్తంభం వృథా.

ఆ హాలుకి కిటికీలు లేవు. వెలుగంతా పైకప్పు అద్దాల్లోంచే. మన మండువా లోగిలి గుర్తొచ్చింది నాకు, వాన మాత్రం లోపల పడదు. గోడ గూళ్లలో రోమన్ దేవుళ్ల విగ్రహాలు తెల్లగా మెరుస్తుంటాయి. దగ్గరికెళ్లి చూస్తే ప్లాస్టర్ నకళ్లు! అసలు విగ్రహాలు ఇటలీలో ఉన్నాయి. వీటిని అచ్చుపోసి తెప్పించారు. మా ఆవిడ మెల్లగా, "ఇంత డబ్బున్నాయన డూప్లికేట్లు పెట్టుకున్నాడేంటండీ" అంది. ఆ రోజుల్లో మంచి నకలు ఉండటం కూడా గొప్పే, అందులో సిగ్గేమీ లేదు. ఈ నకలు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

హాలు వెనక సెలూన్. క్షౌరశాల కాదు, అతిథుల్ని కూర్చోబెట్టే పెద్ద గది. గుండ్రటి గది, పైన గుమ్మటం, నేల నుంచి దాని నడినెత్తికి అరవై రెండు అడుగులు. రోమ్‌లోని పాంథియాన్ గుడి దీనికి మూలం. ఇక్కడ నాకు బాగా నచ్చింది గుమ్మటం కాదు, పొయ్యిలు. గూళ్లలో బలిపీఠం మీద కలశం పెట్టినట్టు కనిపించేవి నిజానికి పోత ఇనుముతో చేసిన వెచ్చబెట్టే స్టౌలు. గుండ్రటి గదిలో మామూలు చలిమంట గూడు పెడితే వంపు చెడుతుందని, యంత్రానికి దేవుడి వేషం వేశాడు ఆడమ్. ఏసీ డబ్బాలని గోడల నిండా తగిలించి ఎలివేషన్ పాడుచేసుకునే మనవాళ్లు ఈ గది చూడాలి.

డ్రాయింగ్ రూమ్‌లో సోఫాలకి కాళ్ల దగ్గర బంగారు పూత పూసిన మత్స్యకన్యలూ మత్స్యపురుషులూ. చేసినవాడు జాన్ లిన్నెల్. పడగ్గదిలో మంచం కోళ్లు తాటి మొద్దుల్లా చెక్కి, పైన ఆకులు కూడా పెట్టారు. ఎవరు పడుకున్నా కొబ్బరికాయ మీద పడుతుందేమోనని నిద్రపట్టదని మా మనవడి అభిప్రాయం. ఈ రెండు గదులూ నేను తొందరగానే దాటేశాను.

నా రెండో ప్రశ్న ఉంది కదా, వంటిల్లు. ప్లానులో అసలు లోపం ఇక్కడుంది. విల్లులా వంగిన వసారాలతో కలిపిన ఆ రెండు పక్క భవనాల్లో పడమటిది వంటిల్లు, నౌకర్లు. తూర్పుది కుటుంబం కాపురం ఉండే ఇల్లు. మధ్యలో ఉన్న పెద్ద భవనం అతిథులకీ, పటాటోపానికీ. అంటే యజమాని రోజూ తినే ముద్ద ఈ కొస నుంచి ఆ కొసకి నడిచి రావాలి. పులుసు వేడిగా తిన్న రోజు ఆయన జీవితంలో ఉందా అని నా అనుమానం. దక్షిణం వైపు గుమ్మం పైన లాటిన్‌లో చెక్కిన మాటకి అర్థం "మిత్రుల కోసం, తన కోసం" అట. వరస చూడండి, మిత్రులు ముందు. కట్టడం కూడా అదే వరసలో ఉంది.

దక్షిణం వైపుకి నడిచి వెళ్లడం మరిచిపోకండి. చాలామంది ముందువైపు ఫోటోలు దిగి, హాలు చూసి, టీ తాగి పోతున్నారు. వెనక్కి వెళ్తే ఇది వేరే ఇల్లు. పెయిన్ ముఖం గుడిలా ఉంటే, ఆడమ్ వీపు విజయతోరణంలా ఉంది. రోమ్‌లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి తోరణాన్ని తెచ్చి ఇంటి గోడకి అతికించాడు. నాలుగు స్తంభాలు గోడకి అంటుకోకుండా ముందుకి నిలబడి నీడలు వేస్తుంటాయి, పైన బోర్లించిన పళ్లెంలాంటి గుమ్మటం, కింద రెండువైపులా వంగి దిగే మెట్లు. మధ్యభాగం ఇలా కదులుతుంటే, అటూ ఇటూ గోడలు మాత్రం బోసిగా, ఇంకా ఏదో రావాల్సినట్టు ఉంటాయి. నిజంగానే రావాలి. ప్లానులో నాలుగు మూలలా నాలుగు పక్క భవనాలు. ఉత్తరాన రెండే లేచాయి, దక్షిణాన రెండూ కాగితం మీదే ఉండిపోయాయి. నాకైతే ఈ అసంపూర్తి వీపే ముందువైపు కన్నా నచ్చింది. ముందువైపు తప్పు లేదు, అంతే. ఇటువైపు ప్రాణముంది.

ఆ మిగిలిన రెండు రెక్కలూ ఎక్కడ లేచాయో తెలుసా? కలకత్తాలో. 1799లో గవర్నర్ జనరల్ వెల్లెస్లీ, ఇండియాని పాలించాల్సింది రాజభవనం నుంచి అని పట్టుబట్టి కట్టించిన గవర్నమెంట్ హౌస్‌కి మూలం ఈ కెడిల్‌స్టన్ ప్లానే. ఇంజినీరు చార్లెస్ వయట్. 1803కి పూర్తయింది, ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు ఖర్చు చూసి మండిపడ్డారు. అక్కడ రాయి లేదు, ఇటుకా సున్నమూ గారా. అయితే రెక్కలు మాత్రం నాలుగూ ఉన్నాయి. గాలి నాలుగువైపుల నుంచీ ఆడాలి కాబట్టి ఆ వాతావరణానికి ఆ ప్లాను ఇక్కడికంటే అక్కడే అతికింది. వంటిల్లు సంగతి ఇంకా ఘోరం, భవనంలోనే లేదు, ఆవరణ బయటెక్కడో ఉండేది. రోమ్‌కి నకలు డెర్బీషైర్‌లో, దానికి నకలు హుగ్లీ ఒడ్డున. జాన్సన్ ఇది సర్కారు కచేరీకి పనికొస్తుందన్న పాతికేళ్లకి, అచ్చంగా కచేరీగానే కట్టారు!

కథ అక్కడితో ఆగలేదు. ఈ ఇంట్లో 1859లో పుట్టిన జార్జ్ నథానియల్ కర్జన్, చిన్నప్పుడే ఆ కలకత్తా పోలిక విని, 1899లో వైస్రాయ్‌గా ఆ ఇంట్లోకే దిగాడు. పుట్టింటి నకల్లో కాపురం. అక్కడ కరెంటు దీపాలూ లిఫ్టూ పెట్టించింది ఆయనే. మనకి ఆయన బెంగాల్‌ని 1905లో రెండు ముక్కలు చేసినవాడు. పాత కట్టడాల రక్షణకి 1904లో చట్టం తెచ్చింది కూడా ఆయనే, ఒక ఇంజినీరుగా ఆ మాట దాచలేను. రెండూ ఒకే మనిషి చేశాడు, ఏం చేస్తాం.

ఆయన పోగేసిన వస్తువులు కింది అంతస్తులో ఈస్టర్న్ మ్యూజియం పేరుతో ఉన్నాయి. ఆయన పోయిన రెండేళ్లకి, 1927లో తెరిచారు. కత్తులు, దంతపు పెట్టెలు, వెండి సామాను, ఊళ్ల వాళ్లిచ్చిన సన్మాన పత్రాల భరిణెలు. ఇవి చూస్తుంటే నాకు మనసు ఒకలా ఉండదు. ఏది కొన్నది, ఏది కానుక, ఏది కాదనలేక ఇచ్చింది అన్నది గాజు అద్దంలోంచి తెలీదు. ఇలాంటి ఇళ్లకీ వలస పాలనకీ ఉన్న లంకెల మీద, పాత కట్టడాలని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ 2020లో ఒక నివేదిక వేసింది. అందులో ఉన్న 93 చోట్లలో ఇదొకటి.

మ్యూజియంలో మా ఆడవాళ్లు ఒకే అద్దం ముందు ఇరవై నిమిషాలు నిలబడ్డారు. 1903 ఢిల్లీ దర్బారు విందు నృత్యానికి కర్జన్ భార్య మేరీ వేసుకున్న నెమలి గౌను. కుట్టింది పారిస్‌లో వర్త్ దుకాణం, కానీ బట్ట మీద పనంతా ఢిల్లీలో కిషన్ చంద్ కార్ఖానాలో జరిగింది. మా కోడలు చూడగానే, "అత్తయ్యా, ఇది మన మగ్గం వర్కే!" అంది. అదే, జర్దోసీ. బంగారు, వెండి తీగలతో నెమలీకలు ఒకదాని మీద ఒకటి పరిచినట్టు, అంగుళం ఖాళీ లేకుండా. నాలుగున్నర కిలోల బరువట. తీగ నల్లబడింది ఇప్పుడు. ఆ రాత్రి ఎర్రకోట దీపాల్లో ఎలా ఉండేదో ఊహించుకోవాలి. నెమలి కన్ను దగ్గర ఆకుపచ్చగా మెరిసేవి మాత్రం నూటఇరవై ఏళ్లయినా చెక్కుచెదర్లేదు. పచ్చలు అనుకుంటారంతా. పురుగు రెక్కలు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచిన జీరంగి గుర్తుందా, ఆ రకం రెక్కలే. మా మనవడికి చెప్తే నమ్మలేదు, అద్దానికి ముక్కు ఆనించి మరీ చూశాడు. కిషన్ చంద్ పేరైనా మిగిలింది, ఆయన దగ్గర సూది పట్టిన వేళ్లు ఎవరివో.

పేరు మిగిలిన ఇంకొకరి గురించి కూడా చెప్పాలి. గార్నెట్ అనే హౌస్‌కీపరమ్మ ఇక్కడ నలభయ్యేళ్లకి పైగా పనిచేసింది. జాన్సన్‌కి ఇల్లు తిప్పి చూపించింది ఆవిడే. చేతిలో ఇంటి బొమ్మల కేటలాగు పట్టుకున్న ఆవిడ చిత్రపటం ఉంది, వెతికి చూడండి. అంటే ఈ ఇల్లు మొదటి రోజు నుంచీ చూపుడు ఇల్లే. డబ్బిచ్చి మనం చూడటం కొత్తేమీ కాదు. కుటుంబం మీద వారసత్వపు పన్ను భారం పడి 1987లో నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది, అంతే తేడా.

వెళ్లేవాళ్లకి నాలుగు ముక్కలు. ఇంటి గదులు రోజూ, ఏడాది పొడుగునా తెరవరు. బయల్దేరే ముందు సైటులో చూసుకోండి, నాలాగా డిసెంబరులో గేటు చూసి రావద్దు. కారు ఉంటేనే సుఖం. నేషనల్ ట్రస్ట్ సభ్యత్వం ఉంటే టికెట్ అక్కర్లేదు, ఇంగ్లండులో ఏడాదికి మూడు నాలుగు ఇళ్లు చూసేవాళ్లకి అది తీసుకోవడమే లాభం. ముందువైపు మెట్లు పెద్దవాళ్ల మోకాళ్లకి పరీక్ష. మా ఆవిడ కింద, మార్బుల్ హాల్ అడుగునున్న సీజర్స్ హాల్ దగ్గరే కూర్చుని ఊపిరి తీసుకుంది. ఒకప్పుడు ఇంటివాళ్లు రోజూ వాడిన దారి కూడా కిందదేనట, తెలివైనవాళ్లు. గదులకి రెండు గంటలు, తోటకీ చెరువుకీ ఇంకో రెండు. చెరువు గట్టున చేపలు పట్టే మంటపం ఉంది. ఎండ తగలకుండా కిటికీలోంచి గాలం వేసుకునేందుకు ఆడమ్ కట్టాడు. పిల్లలకి ఇంటికంటే అదే నచ్చుతుంది. మార్కులు వేయమంటే ఇంటికి అయిదులో నాలుగు. కోసిన ఒకటీ వంటింటి ప్లానుకి.

ఇక ఆ చర్చి. ఆల్ సెయింట్స్. లోపల చల్లగా, మసకగా ఉంది. పదమూడో శతాబ్దం గోడలు, దక్షిణం గుమ్మమైతే ఇంకా పాతది. కర్జన్ తరాలన్నీ ఇక్కడే పడుకున్నాయి. మేరీ 1906లో చనిపోతే భర్త ప్రత్యేకంగా ఒక మంటపం కట్టించి, ఆకుపచ్చ రాతి నేల వేయించి, తెల్లరాతిలో ఆమె బొమ్మ పడుకోబెట్టించాడు. పక్కనే తన బొమ్మ కూడా. శిల్పి బెర్‌ట్రమ్ మెకెన్నల్. గౌను చూసి వచ్చిన కళ్లతో ఆ రాతి బట్ట మడతలు చూస్తే మా కోడలు కాసేపు మాట్లాడలేదు.

బయటికొచ్చాక మనవడు గోడ మీద ఎండ గడియారం పట్టుకున్నాడు. దాని దగ్గర రెండే మాటలు చెక్కి ఉన్నాయి: "వీ షల్". మనం చేస్తాం, అని. ఏం చేస్తామో రాయలేదు. చెక్కడం మధ్యలో ఆపేశారేమో, బిల్లు పాసవలేదేమో అన్నాను నేను. వాడు కాసేపు చూసి గంతేశాడు. "తాతయ్యా, మిగతాది గడియారమే! దాన్ని డయల్ అంటారు కదా. వీ షల్ డై ఆల్!"

ఇంట్లో ఇన్ని స్తంభాల మధ్య ఎవ్వరూ ఇంత చౌకగా పని కానివ్వలేదు. నేనింకా ఆ రెండు మాటలే చూస్తుంటే, పార్కింగు వైపు నుంచి మా ఆవిడ కేకేసింది, కారెక్కుతారా లేదా అని.